బడిలో న్యాయ వాణిజ్యం: అపోహలు – వాస్తవాలు

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో మధ్యాహ్న భోజనంతో పాటు పిల్లలకు వేరుశనగ చిక్కీ కూడా ఇస్తున్నారు. అనంతపురం జిల్లా బుక్కరాయసముద్రం మండలంలో దాన్ని తినే పిల్లల్లో చాలామంది వేరుశనగ పండించే ఇళ్లవాళ్లే. అయినా న్యాయ వాణిజ్యం (ఫెయిర్ ట్రేడ్) మాట ఎత్తితే అదేదో ఊరికి సంబంధం లేని సంగతిలా చూస్తారు.

అపోహ: అది విదేశీ కాఫీ, చాక్లెట్ల గొడవ.

వాస్తవం: ఫెయిర్ ట్రేడ్ ముద్ర పుట్టింది నెదర్లాండ్స్‌లోనే. 1988లో మెక్సికో చిన్నరైతుల కాఫీ మీద వేశారు. కానీ ధర పడిపోతే మొదట మునిగేది చిన్నరైతే అన్న బాధ మనదీ. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే అనంతపురం నేలకు ఇది ఇంకా బాగా తెలుసు. చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ అండతో రైతులు ధరణి సహకార సంఘం పెట్టుకుని చిరుధాన్యాలు, వేరుశనగ తామే అమ్ముకుంటున్నారు.

అపోహ: మద్దతు ధర ఉంది కదా, ఇంకేం న్యాయం కావాలి?

వాస్తవం: 2025-26కు వేరుశనగ మద్దతు ధర క్వింటాలుకు 7,263 రూపాయలు. అది ప్రభుత్వ సంస్థలు కొన్నప్పటి ధర. ప్రైవేటు వ్యాపారి అంతే ఇచ్చి తీరాలన్న నిర్బంధం లేదు. అప్పు గడువు ముంచుకొచ్చిన రైతు కాయ ఆరీ ఆరకముందే అమ్మేస్తాడు.

బేరం ఎలా తెగుతుందో పిల్లలు చూడాలి. వ్యాపారి బస్తాలోంచి పిడికెడు కాయ తీసి తూచి, వలిచి, మళ్లీ గింజను తూస్తాడు. నూరు గ్రాముల కాయకు 70 గ్రాముల గింజ వస్తే పంట బాగున్నట్టే. వాన ముఖం చాటేసిన ఏడు తాలుకాయ ఎక్కువై ఆ అంకె పడిపోతుంది, ధరా పడిపోతుంది. ఆ పిడికెడు బస్తాలో ఎక్కడినుంచి తీశాడన్నది చిన్న విషయం కాదు. ఆపైన తేమ పేరు చెప్పి, మట్టి పేరు చెప్పి తరుగు. మద్దతు ధర లెక్కనే చూసినా, క్వింటాలుకు ఒక్క కిలో తరుగు పోతే 72 రూపాయలకు పైగా గల్లంతు. శాతాల పాఠానికి ఇంతకన్నా మంచి లెక్క ఏ పుస్తకంలో ఉంది? బడి ప్రయోగశాలలో త్రాసు ఉంటే చాలు.

అపోహ: ఎక్కువ ధర ఇవ్వడమంటే దానం చేయడమే.

వాస్తవం: కాదు, సరుకుకు తగిన ధర ఇవ్వడం. విసెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురంలో మొదలుపెట్టిన స్వచ్ఛంద సంస్థ ఆర్‌డీటీ పనిశాలల్లో వికలాంగ మహిళలు చేసే వస్తువులు స్పెయిన్‌లో అమ్ముడవుతున్నాయి. అక్కడ కొనేవాళ్లు భిక్ష వేయడం లేదు, వస్తువు నచ్చి కొంటున్నారు.

అపోహ: ఆర్గానిక్ అని రాసి ఉంటే న్యాయంగా కొన్నట్టే.

వాస్తవం: ఆ ముద్ర మందుల సంగతి చెబుతుంది. కూలి, ధర, పిల్లలతో పని చేయించారా లేదా అన్నవి వేరే ప్రశ్నలు. ఆటల పీరియడ్‌లో తన్నే బంతికీ ఈ ప్రశ్న ఉంది. పాకిస్తాన్‌లోని సియాల్‌కోట్‌లో ఫుట్‌బాళ్లు కుట్టే పనిలో పిల్లలు ఉండకూడదని 1997లో ప్రత్యేకంగా ఒప్పందం చేసుకోవాల్సి వచ్చింది.

అపోహ: మే నెలలో ఒకరోజు ర్యాలీ తీస్తే చాలు.

వాస్తవం: ప్రపంచ న్యాయ వాణిజ్య దినం మే రెండో శనివారం. అప్పుడు మన బడులకు వేసవి సెలవులు! మనకు పనికొచ్చే కాలం కాయ ఇంటికొచ్చే అక్టోబరు, నవంబరు. ఇక బడి కొనుగోళ్ల సంగతికొస్తే, చిక్కీ ఎవరి దగ్గర కొనాలో హెడ్‌మాస్టరు చేతిలో లేదు, అది టెండర్లలో తేలుతుంది. ఆయన్ని నిలదీసి లాభం లేదు. వార్షికోత్సవానికి పంచే ఉండలు, బహుమతుల కొనుగోలు మాత్రం బడి చేతిలోనివే. వాటిని రైతు సంఘం దగ్గరో, మహిళా సంఘం దగ్గరో కొనొచ్చు. పిల్లల చేత ఇంటింటికీ తిప్పి సరుకు అమ్మించడం మాత్రం వద్దు. న్యాయం పేరు చెప్పి అదేం పని?

లెక్కల సార్లకు ఒక మనవి: ఈసారి కాయ రాగానే ఒక్క పీరియడ్ దానికివ్వండి. పిల్లలు ఇంటినుంచి నూరు గ్రాములు తెచ్చి, వలిచి, తూచి, ఆ అంకె రాసుకుని ఇంటికి తీసుకెళ్లనివ్వండి.