కీమోకు ముందు గుండె సంగతీ చూడండి!

ఇంట్లో ఒకరికి క్యాన్సర్‌ అని తేలితే మిగతా జబ్బులన్నీ వెనక్కి పోతాయి. పదేళ్లుగా వేసుకుంటున్న బీపీ మాత్ర మాట కూడా ఎవరికీ గుర్తుండదు. ‘ముందు ఇది తగ్గనీ, అవన్నీ తర్వాత చూసుకుందాం’ అనుకుంటారు. కానీ క్యాన్సర్‌ చికిత్సల్లో కొన్ని గుండె మీదా ప్రభావం చూపుతాయి. రొమ్ము క్యాన్సర్‌ను జయించిన పెద్ద వయసు మహిళల్లో ఎంతోమందికి ఆ తర్వాత ప్రాణం మీదికి తెచ్చేది గుండెజబ్బే.

రొమ్ము క్యాన్సర్‌లో, లింఫోమాలో ఎక్కువగా వాడే డాక్సోరుబిసిన్‌నే తీసుకోండి. ఎర్రగా ఉంటుంది. ఎక్కించాక ఒకట్రెండు రోజులు మూత్రమూ ఎర్రగా వస్తుంది. దానికి భయపడక్కర్లేదు. చూసుకోవాల్సింది మొత్తం మోతాదు. ఇది పెరిగేకొద్దీ గుండె కండరం దెబ్బతినే ముప్పు పెరుగుతుంది. ఒంటి వైశాల్యంలో చదరపు మీటరుకు మొత్తం 400 మి.గ్రా. చేరితే సుమారు 5 శాతం మందిలో, 550 మి.గ్రా. చేరితే 26 శాతం మందిలో గుండె వైఫల్యం కనిపించినట్టు 2003లో వెలువడిన విశ్లేషణ చెబుతోంది. రొమ్ము క్యాన్సర్‌కు మామూలుగా ఇచ్చే నాలుగు విడతలు కలిపితే 240 మి.గ్రా. మాత్రమే. కాబట్టి చాలామందికి ఇబ్బంది ఉండదు. హెర్‌2 రకానికి ఇచ్చే ట్రాస్టుజుమాబ్‌ కూడా గుండె పంపింగ్‌ను తగ్గించొచ్చు. అయితే మందు ఆపి, చికిత్స చేస్తే చాలావరకు కోలుకుంటుంది.

మరి ముప్పు ఎవరికెక్కువ? 65 ఏళ్లు దాటినవారికి, బీపీ, షుగరు, కిడ్నీ జబ్బు ఉన్నవారికి, పొగ తాగేవారికి, ఇంతకుముందే ఛాతీకి రేడియేషన్‌ తీసుకున్నవారికి. అన్నిటికన్నా ముఖ్యంగా ఒకసారి గుండెపోటు వచ్చినవారికి, స్టెంట్‌ వేయించుకున్నవారికి. ‘అది పాత సంగతి’ అని డాక్టరు దగ్గర దాటేయకండి.

ఈ మందులు మొదలుపెట్టే ముందు ఈసీజీ, ఎకో తీస్తారు. అవసరమైతే ట్రోపోనిన్‌, బీఎన్‌పీ రక్త పరీక్షలూ చేస్తారు. ఎకో రిపోర్టులో ‘ఈఎఫ్‌’ అనే అంకె వెతకండి. ఇది 10 పాయింట్లకు పైగా తగ్గి, 50 కన్నా కిందికి వస్తే గుండె డాక్టరుతో మాట్లాడాల్సిందే. ట్రాస్టుజుమాబ్‌ తీసుకుంటున్నప్పుడు మామూలుగా మూడు నెలలకోసారి ఎకో ఉంటుంది. వీలైతే ప్రతిసారీ ఒకే చోట తీయించుకోండి. మిషను మారితే, తీసేవారు మారితే అంకె కొంత అటూఇటూ అవుతుంది, లేనిపోని కంగారు!

‘అమ్మకు 68 ఏళ్లు, షుగరుంది, గుండె తట్టుకోదేమో, కీమో వద్దులెండి’ అనే కుటుంబాలూ ఉన్నాయి. ఇది తొందరపాటు. ముప్పు లెక్కగట్టేది చికిత్స ఆపెయ్యటానికి కాదు, దాన్ని సురక్షితంగా పూర్తిచేయటానికి. బీపీ, షుగరు అదుపులోకి తేవొచ్చు. గుండెను కాపాడే మాత్రలు ముందే మొదలుపెట్టొచ్చు. కొందరికి మందునే మార్చొచ్చు. ఎడమ రొమ్ముకు రేడియేషన్‌ అయితే, గట్టిగా గాలి పీల్చి బిగబట్టే పద్ధతిలో గుండెకు తగిలే మోతాదు తగ్గుతుంది.

ఇంట్లోవాళ్లు కనిపెట్టాల్సింది ఒకటుంది. కీమోతో నీరసం మామూలే. దాంతో ఆయాసాన్నీ ఆ ఖాతాలోనే వేసేస్తుంటారు. నాలుగు మెట్లెక్కితే రొప్పు రావటం, పడుకుంటే ఊపిరాడక రెండు దిండ్లు కావాలనటం, సాయంత్రానికి కాళ్లు వాయటం, సరిగా తినకపోయినా రెండు మూడు రోజుల్లో బరువు పెరగటం... ఇవి నీరసం కాదు. ఆ రోజే డాక్టరుకు చెప్పండి. కేపసిటాబిన్‌ మాత్రలు వేసుకునేవారికి ఛాతీనొప్పి వస్తే తర్వాతి మాత్ర వెయ్యకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. బీపీ మాత్రలు మాత్రం సొంతంగా మానొద్దు. వాంతులు, విరేచనాలతో బీపీ పడిపోతుంటే డాక్టరే మోతాదు తగ్గిస్తారు.

చికిత్స ముగిసిన ఏడాదిలోపు మరోసారి ఎకో తీయించాలి. చిన్నప్పుడు ఇలాంటి కీమో తీసుకున్న పిల్లలైతే పెద్దయ్యాకా గుండె పరీక్షలు కొనసాగించాల్సిందే. అందుకే ఏ మందు, మొత్తం ఎన్ని మి.గ్రా. ఇచ్చారో డిశ్చార్జి కాగితంలో రాయించుకుని, ఆ ఫైలు జాగ్రత్తగా దాచి పెట్టండి.