మీకు తెలుసా? స్పీకర్లు రెండు, గొంతు నడుమ

చిన్న స్టీరియో సెట్టు కొనుక్కొచ్చాక చాలా ఇళ్లలో జరిగేది ఒకటే. టీవీ స్టాండు మీద ఎంత చోటుందో చూసి, మధ్యలో ప్లేయరు పెట్టి, దాన్ని ఆనించి అటొకటి ఇటొకటి స్పీకర్లు సర్దేస్తారు. అట్టపెట్టె మీది బొమ్మలో అలాగే ఉంటుంది మరి. కానీ ఆ బొమ్మలో సామానంతా ఒక్క ఫొటోలో ఇమడాలని అలా పేర్చారు. వినేవాళ్ల కోసం కాదు.

◆ చాలా పాటల్లో గాయకుడి గొంతు ఏ స్పీకర్లోంచీ వస్తున్నట్టు ఉండదు, గమనించారా? రెంటికీ నడుమ, ఏమీ లేని గోడ దగ్గర నిలబడి పాడుతున్నట్టు ఉంటుంది. గొంతును రెండు స్పీకర్లకూ సమానంగా పంచి రికార్డు చేస్తారు. ఒకే ధ్వని రెండు చెవులకూ ఒకేసారి, ఒకే మోతాదులో చేరితే అది ఎదురుగా ఉందని మెదడు తీర్మానించేసుకుంటుంది. ఈ కనికట్టు పనిచేయాలంటే స్పీకర్లు రెండూ మీకు సమాన దూరంలో ఉండాలి. వాటి మధ్య ఆరడుగులుంటే మీ కుర్చీ కూడా ఒక్కోదానికి ఆరడుగుల్లో ఉండాలి. మూడూ కలిపితే సమబాహు త్రిభుజం. స్పీకర్ల ముఖాలు కాస్త మీవైపు తిప్పితే ఇంకా మంచిది.

ఒక స్పీకరు రెండోదానికన్నా అడుగు దగ్గరైతే చాలు, గొంతు అటు జరిగిపోతుంది. ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు వెళ్తుంది. ఆ అడుగు దాటడానికి దానికి సెకనులో వెయ్యో వంతు కూడా పట్టదు. అయినా మన చెవులు ఆ తేడా పట్టేస్తాయి. కొద్ది తేడాతో వచ్చిన రెండు శబ్దాల్లో ముందు చేరింది ఏ దిక్కునుంచి వస్తే, మొత్తం అటునుంచే వచ్చినట్టు తోస్తుందని జర్మనీలో హెల్ముట్ హాస్ 1949లో తన పరిశోధన గ్రంథంలో చూపించాడు.

అమరిక సరిగ్గా కుదిరిందో లేదో తేల్చుకోవడానికి పాత సినిమా పాటను మించిన పరికరం లేదు. 1957 నాటి మాయాబజార్ పాటలు మోనో కాలం నాటివి. అంటే రెండు స్పీకర్లలోనూ అచ్చంగా ఒకే ధ్వని రావాలి. ఘంటసాల గొంతు నట్టనడుమ నిలబడకుండా ఓ పక్కకు ఒరిగిందంటే కుర్చీ అయినా జరగాలి, స్పీకరైనా జరగాలి. కాకపోతే, తర్వాతి రోజుల్లో కొత్త వాయిద్యాలు జోడించి స్టీరియో అని పేరుపెట్టిన కూర్పులు కాకుండా అసలు రికార్డింగే పెట్టి వినండి. ఆ కూర్పుల మీద నాకేమంత గౌరవం లేదు కూడా.

◆ స్టీరియోకు దారి వేసిన వాళ్లలో ముందు చెప్పుకోవాల్సిన పేరు అలన్ బ్లూమ్‌లైన్. ఇంగ్లండులోని ఈఎంఐ కంపెనీలో ఇంజినీరు. భార్యతో సినిమాకు వెళ్తే, తెర మీద మనిషి ఒక పక్కన ఉండగా మాట ఇంకో పక్కనుంచి రావడం ఆయనకు నచ్చలేదని, అక్కడే ఈ ఆలోచన తట్టిందని చెబుతారు. 1931 డిసెంబరులో పేటెంటుకు దరఖాస్తు చేశాడు. రెండు చానెళ్లనూ రికార్డు మీద ఒకే గాడిలో, ఆ గాడి రెండు గోడల మీదా చెక్కే ఉపాయం కూడా అందులోనే ఉంది. 1934లో లండన్ అబ్బే రోడ్ స్టూడియోలో థామస్ బీచమ్ వాద్యబృందాన్ని ఆ పద్ధతిలో రికార్డు చేశారు. దుకాణాల్లో స్టీరియో ఎల్పీలు దొరికే రోజు వచ్చేసరికి 1958 అయింది. అది చూడ్డానికి బ్లూమ్‌లైన్ లేడు. 1942లో రాడార్ పరీక్షకు వెళ్లిన బాంబరు విమానం కూలి, 38 ఏళ్లకే పోయాడు.

ఆ పేటెంటు దరఖాస్తుకు అర్ధశతాబ్దం ముందే, 1881 పారిస్ విద్యుత్ ప్రదర్శనలో క్లెమాం అదేర్ అనే ఆయన ఒపేరా పాటను టెలిఫోను తీగల మీద వినిపించాడు. చెవికొకటి చొప్పున రెండు రిసీవర్లు!

◆ స్పీకరు వెనక ఎర్ర క్లిప్పు, నల్ల క్లిప్పు ఉంటాయి. ఏ తీగ దేనికి పెట్టినా పాట వస్తుంది కదా అనుకుంటారు. వస్తుంది. రెండు స్పీకర్లకూ ఒకేలా తారుమారు చేస్తే ఏ ఇబ్బందీ లేదు కూడా. చిక్కల్లా ఒకదానికి సరిగ్గా, ఇంకోదానికి తిరగేసి పెట్టినప్పుడే. అప్పుడు ఒక స్పీకరు పొర ముందుకొస్తున్న క్షణాన రెండోది వెనక్కు పోతుంది. ఒకటి నెట్టిన గాలిని ఇంకొకటి లాక్కుంటుంది. తబలా, మృదంగం లోతు మాయమైపోతుంది. గొంతు ఎక్కడా నిలవక గదంతా చెదిరిపోయినట్టు ఉంటుంది. దెబ్బ ముఖ్యంగా బేస్‌కే తగలడానికి కారణం ఉంది. 50 హెర్ట్జ్ ధ్వని అల ఒక్కోటి దాదాపు 7 మీటర్ల పొడవు. దాని ముందు స్పీకర్ల మధ్యనున్న ఆరడుగులు ఒక లెక్క కాదు. అందుకే రెండు అలలూ దాదాపు పూర్తిగా ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి.

పరీక్ష సులువు. సెట్టు ఆఫ్ చేసి, ఒక్క స్పీకరు తీగలు మాత్రం అటూ ఇటూ మార్చి, మళ్లీ అదే పాట వినండి. ఏ అమరికలో బేస్ నిండుగా ఉందో అదే సరైంది. తీగ జతలో ఒకదాని మీద ఎర్ర గీతో, సన్నటి గట్టో ఉంటుంది. రెండు వైపులా దాన్నే ఎర్ర క్లిప్పుకు పెడితే సరి. ప్లాస్టిక్ తొడుగు సెంటీమీటరు మేర తీసి, రాగి పోగులు మెలిపెట్టి, క్లిప్పు నొక్కి లోపలికి తోయాలి. క్లిప్పు రాగిని కాకుండా తొడుగును కరిస్తే పాట వస్తూ పోతూ ఉంటుంది. ఒక్క పోగు తప్పించుకుని పక్క క్లిప్పును తాకినా యాంప్లిఫయరు కాలిపోవచ్చు. ఇక బంగారు పూత, వేళ్లంత లావు కేబుళ్ల సంగతి. నాలుగైదు మీటర్ల దూరానికి మామూలు రాగి తీగ చాలు. ఆ డబ్బుకు సీడీలు కొనుక్కోండి.

◆ స్పీకరు పెట్టెకు గుండ్రటి బెజ్జం ఉంటుంది చూడండి, అది గాలి ఆడటానికి కాదు. ఖాళీ సీసా మూతి మీద ఊదితే 'బూ' మని పలుకుతుందే, అదే సూత్రం. పెట్టెలోని గాలి, బెజ్జం వెనక గొట్టంలోని గాలి కలిసి ఒకానొక తక్కువ స్థాయి దగ్గర మోగి బేస్‌కు బలమిస్తాయి. అమెరికాలో బెల్ ప్రయోగశాలలో ఆల్బర్ట్ థూరస్ దీనికి 1932లో పేటెంటు పొందాడు. బెజ్జం వెనకవైపు ఉంటే స్పీకర్ని గోడకు ఆనించేయకండి, జానెడు చోటు వదలండి. గోడ దగ్గర బేస్ పెరుగుతుంది, మూలలో మరీ పెరుగుతుంది. బేస్ సరిపోవడం లేదనుకునేవాళ్లు గోడ దగ్గరికి జరపొచ్చు. పాటంతా గుమ్‌గుమ్ అంటోందనుకునేవాళ్లు మూలనుంచి బయటికి లాగొచ్చు. పైసా ఖర్చు లేని టోన్ కంట్రోల్.

మన ఇళ్లలో పిల్లల చేతికి అందకూడదని స్పీకర్లను సజ్జ మీదికి ఎక్కించేస్తారు. బేస్‌కు దిక్కులతో పెద్దగా పనిలేదు గానీ, తాళాల గలగలా వేణువు సన్నదనం పలికే చిన్న ట్వీటరు మాత్రం ధ్వనిని సూటిగా ఎదురుకే పంపుతుంది. సజ్జ మీదనుంచి అది మీ నెత్తి మీదుగా ఎదుటి గోడకు పోతుంది. కూర్చున్నప్పుడు మీ చెవి ఎంత ఎత్తులో ఉంటుందో ట్వీటరూ అంతే ఎత్తులో ఉండాలి.

◆ గది మధ్యలో నిలబడి ఒక్క చప్పట్టు కొట్టండి. ఖణేల్‌మని మోగిందా? గ్రానైటు నేల, బోసి గోడలు ఉన్నచోట ఏ స్టీరియో అయినా గోల గోలగానే ఉంటుంది. స్పీకర్లకూ కుర్చీకీ మధ్య ఒక జంపఖానా, కిటికీకి మందపాటి కర్టెన్, గోడకు పుస్తకాల బీరువా ఉంటే తేడా తెలుస్తుంది.

◆ పెట్టె మీద 5000 వాట్లు పీఎంపీఓ అని రాసి ఉంటే దాన్ని పక్కన పెట్టి, సెట్టు వెనక స్టిక్కరు చదవండి. అక్కడ కరెంటు వాడకం 40 వాట్లని ఉంటుంది. 40 వాట్లు తాగి 5000 వాట్లు పాడే యంత్రం ఇంకా పుట్టలేదు. పీఎంపీఓ లెక్కకు అందరూ ఒప్పుకున్న ప్రమాణమంటూ లేదు. అడగాల్సింది ఆర్‌ఎంఎస్, అంటే సెట్టు నిలకడగా ఇవ్వగల శక్తి, ఎంత అని. అది కూడా మరీ ఎక్కువ అక్కర్లేదు. మామూలు స్పీకరు ఒక్క వాటుతోనే మీటరు దూరంలో సుమారు 85 డెసిబెల్స్ పలుకుతుంది. అది పక్కవాళ్లతో మాట్లాడాలంటే గొంతు పెంచాల్సినంత మోత. మోత రెట్టింపైనట్టు అనిపించాలంటే మాత్రం వాట్లు పది రెట్లు కావాలి. 20 వాట్ల సెట్టు బదులు 40 వాట్లది కొంటే పెరిగేది 3 డెసిబెల్సే.

◆ రాత్రి అందరూ పడుకున్నాక వాల్యూం తగ్గించి వింటే పాట పేలవంగా ఉంటుంది. తప్పు సెట్టుది కాదు, చెవిది. శబ్దం తగ్గేకొద్దీ మన చెవికి బేస్ మిగతావాటికన్నా త్వరగా వినపడకుండా పోతుంది. 1933లో ఫ్లెచర్, మన్సన్ అనే పరిశోధకులు దీన్ని గీతలు గీసి చూపించారు. సెట్టు మీది లౌడ్‌నెస్ బటను ఉన్నది అందుకే. వాల్యూం పెంచినప్పుడు దాన్ని ఆపేయాలి, అదే చాలామంది చేయరు.

◆ అమెరికానుంచి పిల్లలు తెచ్చిన సెట్టును గోడ ప్లగ్గులో పెట్టేముందు దాని వెనక చూడండి. అమెరికాలో 120 వోల్టులు, ఇక్కడ 230. కొన్నిటికి వెనక చిన్న వోల్టేజి స్విచ్చు ఉంటుంది, స్క్రూడ్రైవరుతో తిప్పాలి. అది లేకపోతే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరు తప్పదు. ఒకప్పుడు కరీంనగర్‌కూ కోనసీమకూ సెట్లు మోసుకొచ్చిన గల్ఫ్ వాళ్లకు ఇది బాగా తెలిసిన పాఠం, సౌదీ ఇళ్లలో అప్పట్లో 127 వోల్టులుండేవి. పాత రకం టర్న్‌టేబుల్‌కైతే ట్రాన్స్‌ఫార్మరు పెట్టినా ఇంకో చిక్కుంటుంది. కొన్నిటి మోటారు కరెంటు ఫ్రీక్వెన్సీని బట్టి తిరుగుతుంది. అమెరికా 60 హెర్ట్జ్‌కు చేసింది మన 50కి ఆరో వంతు నెమ్మదిస్తుంది. లతా మంగేష్కర్ కూడా మగగొంతుతో పాడుతుంది.

◆ సెట్టుతో పాటు వచ్చే టీ ఆకారపు ఎఫ్ఎం తీగను చుట్ట విప్పకుండానే వెనక వేలాడదీస్తారు. హైదరాబాద్ వివిధభారతి 102.8 మెగాహెర్ట్జ్ అల పొడవు దాదాపు 2.9 మీటర్లు. టీ తీగ పై గీత అందులో సగం. గోడ మీద బారుగా చాచి అతికిస్తేనే అది పనిచేసేది. అప్పటికీ బుసబుసమంటుంటే ట్యూనరును మోనోలో పెట్టండి. ఎఫ్ఎంలో స్టీరియో సమాచారం విడిగా, గోలకు ఎక్కువ లోబడే భాగంలో వస్తుంది. దాన్ని వదులుకుంటే బుస చాలావరకు పోతుంది.

◆ సీడీని గుండ్రంగా తుడవకూడదు. మధ్యనుంచి అంచుకు సూటిగా తుడవాలి. సీడీలో పాట లోపలినుంచి బయటికి చుట్టుకుంటూ పోయే ఒకే గాడి, విప్పితే 5 కిలోమీటర్లకు పైనే. దానికి అడ్డంగా గీత పడితే కొద్దికొద్దిగా పోయిన సమాచారాన్ని ప్లేయరు లెక్కకట్టి పూరించుకుంటుంది. గాడి వెంబడే రెండున్నర మిల్లీమీటర్లకు మించి పోతే దానివల్ల కాదు. ఇంకో సంగతి, అందరూ కింది మెరుపు వైపును కాపాడతారు గానీ సున్నితమైంది పేరు రాసి ఉన్న పైవైపు. అద్దంలాంటి పొర దాని కిందే, సన్నటి లక్క పూత చాటున ఉంటుంది.

◆ ఆక్స్ తీగ పెట్టగానే పాటలో గొంతు మాయమై వాయిద్యాలే వినిపించాయా? పిన్ను పూర్తిగా దిగలేదన్నమాట. ఆ పిన్ను కొస ఎడమ చానెల్, నడిమి కట్టు కుడిది, అడుగు భాగం రెంటికీ ఉమ్మడి దారి. ఉమ్మడి దారి తెగితే రెండు చానెళ్ల మధ్య తేడా మాత్రమే మిగులుతుంది. రెంటిలోనూ సమానంగా ఉన్న గొంతు కొట్టివేతలో పోతుంది.

◆ బ్లూటూత్ మీద పాట వింటే ఫరవాలేదు గానీ సినిమా చూస్తే పెదాలు ముందు కదిలి మాట వెనక వస్తుంది. మామూలు బ్లూటూత్‌లో సెకనులో పదో వంతు నుంచి అయిదో వంతు దాకా ఆలస్యం ఉంటుంది. టీవీకి తీగే మేలు.

◆ కొత్త సెట్లు పాట ఆగిన పావుగంటకో ఇరవై నిమిషాలకో వాటంతటవే ఆరిపోతుంటాయి. పాడైందని రిపేరు షాపుకు మోసుకెళ్లకండి. వాడకుండా ఊరికే వెలుగుతూ ఉండే పరికరాలు తమంతట తామే ఆగాలని యూరప్ 2013నుంచి నిబంధన పెట్టింది. ఆ దేశాలకూ అమ్మే కంపెనీలు చాలా మోడళ్లలో ఆ ఏర్పాటు ఉంచేశాయి. మెనూలో ఆటో స్టాండ్‌బై అని ఉంటుంది, అక్కర్లేకపోతే ఆఫ్‌లో పెట్టుకోవచ్చు.