కారు కంఠస్వరము

నేటి నా ప్రసంగమునకు విషయము మోటారుకారు పొగగొట్టము. ఇది పెద్దలయెదుట ముచ్చటింపదగిన సంగతియా యని మీకు తోచవచ్చును. కాని మీ మనుమలు స్పోర్టుకారులు కొని, "దీని గొంతు మార్పించవలెను తాతా, కొంచెము సొమ్ము సర్దు" మని మిమ్మే యడుగుచున్నారు. ఆ గొంతు నడిరేయి మ్రోగునది మీ వీథిలోనే. ఆ కారు వెనుకసీటున కూర్చుండువారును మీరే. కనుక అందలి కిటుకు మీకు తెలిసియుండుట మంచిది.

నేను వెల్డింగుపని నేర్చినది సాలూరి లారీషెడ్డులలో. లారీలకు పేరుపడిన ఊరది. 2022 వఱకు విజయనగరము జిల్లాలో నుండెను; ఇప్పుడు పార్వతీపురము మన్యము జిల్లాలోనిది. ఘాటీ యెక్కి దిగిన లారీలు గొట్టములు పగిలి మాకడకు వచ్చుచుండెడివి. కొన్నేండ్లకు విజయనగరము చేరి నేనే యొక షెడ్డు వేసికొంటిని.

చప్పు డెచ్చట పుట్టునో ముందు చెప్పెదను. ఇంజను సిలిండరులో పెట్రోలు మండి పిస్టనును క్రిందికి నెట్టును. మండిన వాయువునందు ఇంకను ఒత్తిడి మిగిలియుండగనే వాల్వు తెఱచుకొనును. వాయువు ఒక్కపెట్టున గొట్టములోనికి దూకును. ఆ దూకుడే చప్పుడు. నాలుగు సిలిండర్ల కారులో ఇంజను ఒక చుట్టు తిరుగునప్పటికి ఇట్టి దూకుళ్లు రెండు. నిమిషమునకు 3,000 చుట్లు తిరిగినచో సెకనుకు 100 దూకుళ్లు. అన్ని దూకుళ్లను చెవి వేఱువేఱుగా పోల్చుకొనజాలదు. అవి కలిసి యొక శ్రుతియై వినవచ్చును. ఒంటి సిలిండరు మోటారుసైకిలునకు అదే వేగమున సెకనుకు 25 మాత్రమే. అది దడదడలాడుటకు కారణమిదియే.

ఈ చప్పుడు నణచుటకు 1897లో అమెరికాలో రీవ్సు సోదరులు సైలెన్సరునకు పేటెంటు పొందిరి. నేటి సైలెన్సరులు ముఖ్యముగా రెండు తెఱగులు. ఒకదానిలో వాయువు గది నుండి గదికి మళ్లుచుండ చప్పుడు తనకు తానే యెదురై తగ్గును. రెండవదానిలో చిల్లులుగల గొట్టముచుట్టు గాజునూలు క్రుక్కియుందురు. చప్పుడు అందులో ఇంకిపోవును. సన్నని కీచుధ్వనులను త్రాగుటలో ఈ గాజునూలుకు మిక్కిలి నేర్పు కలదు. లావుధ్వనిని అంతగా ముట్టదు. గొంతు మార్చుపనికి ఆధారమంతయు ఇదియే.

కుఱ్ఱవారు కోరునది నిజమునకు గాంభీర్యము. కాని షెడ్డునకు వచ్చి "సైలెన్సరు కోసి పారవేయుడు" అందురు. గాంభీర్యము వేఱు, బిగ్గఱతనము వేఱు. బొబ్బిలి చెంత గొల్లపల్లిలో పనసదుంగను తొలిచి వీణ చేయువారిని మీలో పలువురు చూచియుందురు. ఆ వీణ పలుకుట కడపటి వరుసవానికి చెవులు చిల్లులు పడవలెనని కాదు. మన తప్పెటగుళ్లవారి రొమ్ముమీది రేకుతప్పెట కలదు. దాని యందము దానిదే, కాని అది ఆరుబయట చెల్లవలసినది. సైలెన్సరు కోసిన కారు తప్పెటయు కాదు, వీణయు కాదు, ఉత్త చించుడు. కీచుధ్వనులను గాజునూలుకు వదలి, లావుధ్వనిని కొంత నిలిపినచో మొత్తము చప్పుడు పెరుగకయే గొంతు మారును. ఇందులో మఱియొక చిక్కు కలదు. ఒకానొక వేగమువద్ద కారులోపలి గాలియు అదే శ్రుతిలో ఊగి, తల దిమ్మెక్కునట్లు జుమ్మని మ్రోయును. అందుకు గొట్టము ప్రక్కను చివర మూసిన గొట్టమొకటి అతుకుదుము. మ్రోత అందులోనికి పోయి తలక్రిందులై మరలివచ్చి, ఎదురువచ్చుదానిని చంపును. సెకనుకు 100 దూకుళ్ల మ్రోతకు, పొగ వేడినిబట్టి, అది మూడున్నరనుండి నాలుగడుగుల పొడవుండవలెను.

చట్టము మాట. 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నియమములలో 120వది ప్రతి బండికిని సైలెన్సరుండవలెనని చెప్పుచున్నది. శబ్దపరిమితి మీఱినవారికి, 2019 సవరణచే, మూడునెలలవఱకు ఖైదు, లేక పదివేల రూపాయలవఱకు జుల్మానా, లేక రెండును విధింపవచ్చును. విశాఖపట్టణములో పోలీసువారు ఇట్టి గొట్టములను కుప్పవోసి రోడ్డురోలరుచే నలిపించిరి. కంపెనీ చప్పుడుకంటె హెచ్చు చప్పుడు చేయు పనిని నే నొప్పుకొనను.

ఇంత చెప్పిన నేను చేసిన తప్పును చెప్పకుండుట తగదు. గజపతినగరము ప్రాంతపు యువకుడొకడు పాతకారు నొకదానిని తెచ్చెను. పొగలోని విషమును తగ్గించు కన్వర్టరును అంతకుముందటి యజమాని కోయించియుండెను. అది చూచియు నే నూరకుంటిని. వెనుక సైలెన్సరు మార్చి, మంచి గొంతు తెప్పించితిని, షెడ్డులోనివారందఱు మెచ్చిరి. కాని గొట్టమును క్రిందికి దింపక, కారుక్రింద పరుండి అతికితిని. పైభాగపు అతుకు కంటికి కనబడలేదు. చేతి యలవాటును నమ్మితిని.

రథసప్తమినాడు ఆ యువకుడు తాతగారిని అరసవల్లి సూర్యనారాయణస్వామి దర్శనమునకు తీసికొనిపోయెను. శ్రీకాకుళము దాటినది మొదలు కార్ల బారు. చలికి అద్దములన్నియు మూసి, ఇంజను ఆపక, గంటకు పైగా నిలిచిరి. ముసలాయనకు తలనొప్పి, మగత, పిదప వాంతి. అందఱును ఉపవాసమువలన ననుకొనిరి. దిగి నడచునప్పటికి తేఱుకొనెను. తిరుగుప్రయాణమున మరల అదే బాధ.

మఱునాడు ఆయనయే నా షెడ్డునకు వచ్చి యిట్లనెను: "మేస్త్రీగారూ, ఉపాసం అయితే దిగినా తల నొప్పెట్టాల గదా. దిగితే తగ్గుతంది, ఎక్కితే వస్తంది. ఏటో నీ గొట్టంలోనే ఉంది."

ఆయన మాట అక్షరాల నిజము. కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు. ప్రాణవాయువు ఎక్కవలసిన చోట తానెక్కి రక్తములో కూర్చుండును. ఇంకొక గంట నిలిచియున్నచో ఏమి జరిగియుండునో తలచుకొనుటకే నాకు వణకు పుట్టినది.

గొట్టమంతయు దింపితిని. ముందుగా బ్యాటరీ తీగలు విప్పవలెను. లేనిచో వెల్డింగు కరెంటు కారులోని కంప్యూటరును చెఱచును. పాత అతుకు అరగదీసి, తుప్పును నూనెయు పోయి ఉక్కు తళతళలాడువఱకు తుడిచితిని. ఒకటిన్నర మిల్లీమీటరు మందపు గొట్టమునకు మోటు కడ్డీ వెల్డింగు పనికిరాదు, చిల్లి పడును. ఆర్గాను వాయువు నీడలో సన్నని విద్యుచ్చాపముతో అతుకవలెను. స్టెయిన్‌లెస్ ఉక్కయినచో గొట్టము లోపలను ఆర్గాను నింపవలెను. లేనిచో లోపలివైపు పంచదారవలె పొక్కి పెళుసగును. ముందు నాలుగుచోట్ల చుక్కలు వేసి, కారుక్రింద అమర్చి చూచి, మరల దింపి అప్పుడు పూర్తిగా అతికితిని. మీటరు ఉక్కుగొట్టము 500 డిగ్రీలు వేడెక్కిన ఆఱు మిల్లీమీటర్లు సాగును గావున నడుమ ముడుతల గొట్టము పెట్టితిని. జింకుపూత గొట్టములను వెల్డింగు చేయించువారును కలరు. ఆ పొగ పీల్చిన మేస్త్రీకి జ్వరము వచ్చును. కారు నేలలో చివికిన రబ్బరు బిరడా యొకటి కనబడెను. విషవాయువు లోనికెక్కిన దారి అదియే. దానిని మార్చితిని. క్రొత్త కన్వర్టరు ఖర్చు నేనే భరించితిని.

కడపట పరీక్ష. గొట్టము చివరను గుడ్డ క్రుక్కి, రెండవప్రక్కనుండి గాలి యెక్కించి, అతుకులమీద సబ్బునీళ్లు పూయుదుము. కన్నమున్నచోట బుడగ లేచును. తాతగారు ముక్కాలిపీటమీద కూర్చుండి, కళ్లజోడు సవరించుకొని చూచుచుండెను. నాకొక బుడగ కనబడెను. ఆయన వంగి, మడతచాటునున్న రెండవదానిని వ్రేలితో చూపెను.

ఆ రెండును మూసి, సబ్బునీళ్లు మరల ఆయనచేతనే పూయించితిని.