భద్రాచలంలో 43 అడుగులైతే కూనవరంలో ఎంత?

నేను భద్రాచలంలో డిగ్రీ చదువుతున్నాను. మా ఇల్లు కూనవరం మండలంలో, శబరి వచ్చి గోదావరిలో కలిసే చోటికి దగ్గర్లోనే. చదువు తెలంగాణలో, రేషన్ కార్డు ఆంధ్రలో. అలాగని వేరే రాష్ట్రంలో చదువుకుంటున్నానని నాకెప్పుడూ అనిపించలేదు. నా చిన్నప్పుడు ఇదంతా ఖమ్మం జిల్లాయే. 2014లో పోలవరం ప్రాజెక్టు ముంపు పేరుతో ఏడు మండలాలను, కొన్నిటిని పూర్తిగా, కొన్నిటిని ముక్కలుగా ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. భద్రాచలం పట్టణం తెలంగాణలో మిగిలింది. దాన్ని ఆనుకునే ఉన్న ఎటపాక, గుండాల, పురుషోత్తపట్నం, కన్నాయిగూడెం, పిచుకలపాడు అటు పోయాయి. అటు అంటే ఎక్కడికో కాదు. రాములవారి గుడి దగ్గర ఆటో ఎక్కితే కాసేపట్లో ఎటపాకలో దిగుతాం.

పేపర్ మాత్రం ఆ గీత దాటదు. ఇక్కడ హాస్టల్‌కు భద్రాద్రి కొత్తగూడెం జిల్లా పేజీలొస్తాయి. మా ఊళ్లో ఆంధ్ర ఎడిషన్. సెలవులకు ఇంటికెళ్లినప్పుడు రెండూ పక్కపక్కన పెట్టి చూడటం నాకలవాటైంది. జులై, ఆగస్టుల్లో అయితే తమాషాగా ఉంటుంది. తెలంగాణ పేజీలో గోదావరిని భద్రాచలం స్నానఘట్టాల దగ్గర కొలుస్తారు. 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఆంధ్ర పేజీలో అదే నదిని ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర కొలుస్తారు. అక్కడ 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఈ రెండు లెక్కల మధ్యే మేమున్నాం: ఎటపాక, కూనవరం, వీఆర్‌పురం, చింతూరు, నదికి అవతల కుక్కునూరు, వేలేరుపాడు. మా దగ్గర నీళ్లు ఎంత వరకు వచ్చాయో అటు పేజీలోనూ దొరకదు, ఇటు పేజీలోనూ దొరకదు.

వరద వార్తలు నాకు గట్టిగా తగిలింది 2022 జులైలో. అప్పుడు ఇంటర్ చదువుతున్నాను. వానలకు తెలంగాణలో విద్యాసంస్థలన్నిటికీ సెలవులిచ్చారు. నేను బట్టలు సర్దుకునేసరికే మా ఊరి రోడ్డు మునిగింది. భద్రాచలంలోనే పెద్దమ్మ వాళ్ల మేడ మీద ఉండిపోయాను. 14వ తేదీ సాయంత్రం వంతెన మీద రాకపోకలు ఆపేశారు. 16వ తేదీకి నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చాక మళ్లీ అంత వరద రావడం అదే. మా పెద్దమ్మకు 1986 బాగా గుర్తు. ఆమె టీవీ వైపు చూడనేలేదు. కరకట్ట ఉన్న దిక్కే చూస్తూ కూర్చుంది.

టీవీలో ఏం చూపించారంటే, ఒక రిపోర్టర్ మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి ఉన్నాడు. పక్కనే పొడి నేల ఉంది. అతను కావాలనే నీళ్లలోకి దిగాడని మేడ మీది నుంచి చూస్తున్న మాకు తెలుస్తూనే ఉంది. తప్పని అనను, పాపం అతని ఉద్యోగమది. వెనకాల చేరిన కుర్రాళ్లను కెమెరాలో పడకుండా పక్కకు జరగమని చేయి ఊపుతూనే 'ఉగ్రరూపం' అంటున్నాడు. కింద స్క్రోలింగ్‌లో అడుగులు మారుతున్నాయి. ఆ అంకె చూసి మా ఇల్లు ఉందో లేదో చెప్పుకోలేకపోయాం. నాన్న ఫోన్ కలవలేదు. మా వైపు ఒక్క టవరూ పనిచేయడం లేదని తర్వాత తెలిసింది.

ఆ వరద హఠాత్తుగా రాలేదు. వార్తలను సరైన వరసలో చదివి ఉంటే ముందే తెలిసేది. 13వ తేదీన నిర్మల్ జిల్లాలో కడెం ప్రాజెక్టుకు, గేట్లన్నీ ఎత్తినా వదలగలిగేది దాదాపు 3 లక్షల క్యూసెక్కులైతే, 5 లక్షలు వచ్చి పడ్డాయి. అందరం ప్రాజెక్టు తెగుతుందా లేదా అని ఊపిరి బిగబట్టి చూశాం. మర్నాడు మేడిగడ్డ దగ్గర ప్రవాహం 28 లక్షలు దాటింది. అయితే ఆ రోజు టీవీల్లో నడిచిందంతా కాళేశ్వరం పంప్‌హౌస్‌లు మునిగిన కథ. ఆ నీళ్లు తర్వాత ఎవరి ఇంటికొస్తాయన్నది పెద్దగా ఎవరూ మాట్లాడలేదు. ప్రాణహిత, మేడిగడ్డ దిగువన ఇంద్రావతి, ఆ కింద తాలిపేరు, ఇవన్నీ కలిశాకే భద్రాచలం అంకె వస్తుంది. మా దాకా వచ్చేసరికి శబరి కూడా తోడవుతుంది. గోదావరి నిండుగా ఉంటే శబరి నీళ్లు అందులోకి దిగలేక వెనక్కి తన్నుతాయి. ఆ ఎగపోటుకు చింతూరు దాకా రోడ్లు మునుగుతాయి. చింతూరులో చినుకు పడకపోయినా సరే.

17వ తేదీన అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ భద్రాచలం వచ్చారు. ముంపు కుటుంబాలకు 10,000 రూపాయలు, 20 కిలోల బియ్యం ప్రకటించారు. శాశ్వత పరిష్కారానికి 1,000 కోట్లన్నారు. విదేశాల వాళ్లు క్లౌడ్ బరస్ట్ కుట్ర చేస్తున్నారేమోనన్న అనుమానం ఉందని కూడా అన్నారు. అంతే, వారమంతా ఆ మాట మీదే చర్చ. అది చూస్తుంటే నాకు నవ్వూ వచ్చింది, ఒళ్లూ మండింది. కొద్దిపాటి విస్తీర్ణంలో ఒక్క గంటలో 10 సెంటీమీటర్ల వాన కురిస్తే దాన్ని క్లౌడ్ బరస్ట్ అంటారు. మాకొచ్చిన వాన రోజుల తరబడి నాలుగు రాష్ట్రాల అడవుల మీద పడ్డది. ఇంటర్ పిల్లలకు కూడా తెలిసే ఈ తేడా చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. ఆ రెండు నిమిషాలు వదిలేసి గంటలకు గంటలు పార్టీల వాళ్లను ఎదురెదురుగా కూర్చోబెట్టారు.

తర్వాత వంతు పోలవరానిది. దాని వల్లే భద్రాచలానికి ముంపని, ఎటపాకతో సహా ఆ ఐదు గ్రామాలు తిరిగివ్వాలని ఇటు మంత్రి, అయితే రెండు రాష్ట్రాలనూ కలిపేయమని అటు మంత్రి. ఈ మాటల పోటీ మొదటి పేజీల్లో వచ్చింది. మా ఇళ్లలో మాట్లాడుకున్నది వేరు. ఆంధ్రలో మొదట ప్రకటించింది కుటుంబానికి 2,000, ఇటువైపు 10,000. ఒకే నది, ఒకే రాత్రి. మా పెద్దమ్మ వీధికి పదివేలు, మాకు రెండువేలు. మమ్మల్ని తెలంగాణలో కలపండని విలీన గ్రామాల వాళ్లు రోడ్డెక్కింది అందుకే. దాన్ని కొన్నిచోట్ల ప్రాంతీయ అభిమానమన్నట్టు రాశారు. అభిమానం ఉండొచ్చు, కాదనను. కానీ ఆ రోజు వాళ్లడిగింది ఎనిమిదివేల తేడా గురించి. పైగా మా జిల్లా ఆ ఏప్రిల్‌లోనే అల్లూరి సీతారామరాజు జిల్లా అయింది. అప్పట్లో మా కలెక్టర్ ఉండేది పాడేరులో. భద్రాచలంలో కూర్చుని పాడేరుకు దారి అడిగితే సగం మందికి తెలియదు.

నీళ్లు తీశాక వార్తలు కూడా తీసేశాయి. 'శాంతించిన గోదావరి' అని పేపర్లో వచ్చిన రోజున మా ఇంట్లో పని మొదలైంది. నేను వెళ్లేసరికి వంటింట్లో చీలమండ దాకా ఒండ్రు. అది పారతో తీస్తే రాదు, తడి ఆరకముందే రేకు ముక్కతో గీకాలి. ఆరిందా, గోడకు పట్టిన సిమెంటే. బియ్యం డబ్బా మూత గట్టిగానే ఉన్నా లోపల పులిసిన వాసన. నా ఇంటర్ పుస్తకాలను అమ్మ అటక మీద పెట్టింది. అక్కడికీ నీళ్లొచ్చాయి. గోడ మీది గీత అమ్మకన్నా ఎత్తులో ఉంది. నష్టం రాసుకోవడానికి వచ్చిన వాళ్లకు కావాల్సింది ఇల్లు పడిందా లేదా అన్నదే. పడలేదు కాబట్టి మా పేరు ఆ జాబితాలోకి ఎక్కలేదు. తడిసి తర్వాత నెమ్మదిగా కుంగే మట్టిగోడకు ఏ కాలమ్‌లో రాయాలో వాళ్ల ఫారంలో లేదు. ఏ రిపోర్టరైనా ఆ ఫారాన్ని ఒక్క ఫొటో తీసి వేస్తే బాగుండునని అప్పుడనిపించింది. హెలికాప్టర్ ఫొటోలు చాలానే వచ్చాయి.

మా వైపు వార్తల్లోకి ఎక్కేది ఎప్పుడని నేనొకసారి ఆలోచించాను. శ్రీరామనవమి కల్యాణం, గోదావరి వరద, అడవిలో ఎన్‌కౌంటర్, పోడు గొడవ. వీటిలో కల్యాణం ఒక్కటే మొదటి నుంచి చివరిదాకా చూపిస్తారు. ముత్యాల తలంబ్రాలు ఎవరు తెచ్చారు, ఎవరు పట్టుకున్నారు, అన్నీ వస్తాయి. మిగతా మూడింటికీ సగం నుంచి వచ్చి సగంలో వెళ్లిపోతారు.

ఇప్పుడు నేను వరద రోజుల్లో టీవీ తగ్గించాను. కేంద్ర జలసంఘం కూనవరంలోనూ నీటిమట్టం కొలుస్తుందని, ఎగువన శబరిని కుంట అనే ఊళ్లో కొలుస్తుందని డిగ్రీకి వచ్చాకే తెలిసింది. ఆ లెక్క ఫోన్‌లోనే చూడొచ్చు. కాకపోతే అడుగుల్లో ఉండదు, సముద్రమట్టం నుంచి మీటర్లలో ఉంటుంది. విలేకరులు ఎందుకు ముట్టుకోరో అర్థమైంది. భద్రాచలం అడుగులకు అలవాటుపడ్డ చెవికి మీటర్లు ఎక్కవు. అయినా పోయినసారి గోదావరి పెరుగుతున్నప్పుడు ఉత్సాహం ఆపుకోలేక నాన్నకు ఫోన్ చేసి కూనవరం లెక్క చదివి వినిపించాను.

"అవన్నీ నాకెందుకమ్మా, కల్వర్టు మీదకి నీళ్లొచ్చాయా లేదా చెప్పు" అన్నాడు.

ఆ సంగతి పాల ఆటో నడిపే బాబాయ్‌కి తెలుస్తుంది. ఆయన నంబర్ ఇచ్చాను.