గూడెక్కడ కట్టాలో వానే చెబుతుంది!

శ్రీకాకుళం జిల్లా ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచి అనే ఊరుంది. తొలకరి పడీపడగానే ఆ ఊరి చెట్ల మీదికి నత్తగుల్ల కొంగలు దిగుతాయి. ముక్కు మూసినా మధ్యలో సందు కనిపిస్తుంది కాబట్టి ఓపెన్‌బిల్ స్టార్క్ అంటారు వీటినే. పుల్లలు తేవడం, గూడు కట్టడం, గుడ్లు పెట్టడం... దసరా వచ్చేసరికి గూళ్ల నిండా పిల్లల గోల.

ఇప్పుడు మ్యాప్‌ని కిందికి జరపండి. రాష్ట్రం అటు చివర, తిరుపతి జిల్లా సూళ్లూరుపేటకి దగ్గర్లో నేలపట్టు. ఇక్కడా నత్తగుల్ల కొంగలు గూళ్లు పెడతాయి. కానీ ఇక్కడ హడావుడి మొదలయ్యేదే అక్టోబరు, నవంబరుల్లో! అంటే అక్కడ పిల్లలకు రెక్కలొచ్చే వేళకి ఇక్కడ ఇంకా పుల్లలు ఏరుకుంటున్నాయన్నమాట.

పక్షి అదే, రాష్ట్రం అదే. మరి ఇన్ని నెలల తేడా ఏంటి?

శ్రీకాకుళం పొలాలను తడిపేది ప్రధానంగా నైరుతి రుతుపవనాలు. నేలపట్టు వైపు చెరువులు నిండాలంటే ఈశాన్య రుతుపవనాలు రావాల్సిందే. కొంగకు జూన్, నవంబరు అని తెలీదు. ఎక్కడ ఎప్పుడు నీళ్లొస్తే అక్కడ అప్పుడే దాని పెళ్లి సీజన్. ఉత్తరాదిన రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌లో ఎర్రకాళ్ల కొంగలు ఆగస్టు, సెప్టెంబరుల్లో గూళ్లు మొదలుపెడితే, మన శ్రీసత్యసాయి జిల్లా వీరాపురానికి అవే కొంగలు సంక్రాంతి దాటాక వస్తాయి.

సైబీరియా కాదు బాబూ!

ఏ ఊళ్లో అడిగినా ‘సైబీరియా నుంచి వస్తాయండీ’ అంటారు. రీల్స్ కింద క్యాప్షన్లలోనూ అదే. వినడానికి బాగుంటుంది కానీ నిజం కాదు. చలికాలంలో ఉత్తరాది దేశాల నుంచి వచ్చే సూదితోక బాతుల్లాంటివి వేరే. అవి మన దగ్గరికి తిండి కోసం వస్తాయి, గుడ్లు పెట్టడానికి తిరిగి వాళ్ల ఊరే పోతాయి. మన దగ్గర గూళ్లు పెట్టే గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు, నత్తగుల్ల కొంగలు దక్షిణాసియా పక్షులే. ఒక జిల్లా నుంచి ఇంకో జిల్లాకి, ఒక రాష్ట్రం నుంచి పక్క రాష్ట్రానికి నీళ్లను వెతుక్కుంటూ తిరుగుతుంటాయి.

ఈ తేడా పట్టించుకోవాల్సిందే. సైబీరియా పక్షి సంతానం అక్కడి వేసవి మీద ఆధారపడి ఉంటుంది. మన గూడబాతు సంతానం మన వాన మీద ఆధారపడి ఉంటుంది. ఇక్కడ వాన తేడా కొడితే దానికి వేరే సొంతూరు లేదు.

కళ్లతో కాదు, ముక్కుతో వేట

ఎర్రకాళ్ల కొంగ చేపను పట్టే తీరు చూశారా? మోకాలి లోతు బురద నీళ్లలో నడుస్తూ, సగం తెరిచిన ముక్కుని నీళ్లలో పెట్టి అటూ ఇటూ ఊపుతుంది. కాలితో అడుగున కెలుకుతుంది. చేప ముక్కుకి తగలగానే టక్కున మూసేస్తుంది. చూసి పొడిచే వేట కాదిది, తగిలితే పట్టే వేట. కాబట్టి చెరువు ఎంత పెద్దదైనా ప్రయోజనం లేదు, చేపలు ఒత్తుగా ఉండాలి. నీళ్లు కాలి ఎత్తుకి మించకూడదు కూడా.

అందుకే ఈ పక్షులకు వాన రావడం ఎంత ముఖ్యమో, ఆ తర్వాత నీళ్లు మెల్లగా తగ్గడమూ అంతే ముఖ్యం. వానకి చెరువులు, పల్లపు పొలాలు నిండి చేపలు గుడ్లు పెడతాయి. పిల్ల చేపలు పెరుగుతాయి. ఆనక నీళ్లు తగ్గేకొద్దీ ఆ చేపలన్నీ చిన్న చిన్న మడుగుల్లో చేరతాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే గూట్లో పిల్లలు నోళ్లు తెరుచుకుని కూర్చోవాలి. ఒక నెల ముందైనా కష్టమే, వెనకైనా కష్టమే.

ఒక్క కుంభవృష్టితో చెరువు కట్ట తెగేంత నీళ్లొచ్చాయనుకోండి, మనకి అది ‘నిండు చెరువు’. కొంగకి మాత్రం కరువే. నిలబడే లోతు దొరకదు. భారీ వర్షాలు పెరుగుతున్నాయని ఐపీసీసీ నివేదికలు చెబుతుంటే మనం వరదలు, పంట నష్టాల గురించి ఆలోచిస్తాం. కొంగ కాళ్ల పొడవు గురించి కూడా ఆలోచించాల్సిన వార్త అది.

గూడబాతుకు ఎన్నాళ్లు నీళ్లు కావాలి?

ఇక్కడ చిన్న లెక్క. నత్తగుల్ల కొంగ గుడ్డు 25 రోజులు అటూ ఇటూగా పొదుగుతుంది. పిల్ల ఎగరడానికి ఇంకో 35 నుంచి 40 రోజులు. రెండు నెలల్లో సంసారం ఒడ్డున పడుతుంది. ఎర్రకాళ్ల కొంగకు పొదగడం ఒక నెల, పెంచడం సుమారు రెండు నెలలు. గూడబాతు దగ్గరికొచ్చేసరికి కథ మారిపోతుంది. పొదగడానికి నెల, ఆ తర్వాత పిల్ల గూడు వదలడానికి 3 నుంచి 5 నెలలు! ఎంత లేదన్నా నాలుగు నెలలు, ఒక్కోసారి ఆరు నెలలు చుట్టుపక్కల నీళ్లూ చేపలూ ఉండాలి.

నేలపట్టులో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు. నవంబరులో గుడ్డు పెడితే మార్చి, ఏప్రిల్‌కి పిల్ల తయారు. అప్పటికే ఎండలు ముదురుతుంటాయి. వాన ఒక నెల ఆలస్యమైతే గూడబాతు పిల్ల మే నెల ఎండలో చిక్కుకుంటుంది. ఈశాన్య రుతుపవనాలు అసలే నిలకడ లేనివి. 2015 నవంబరు, డిసెంబరుల్లో చెన్నై మునిగింది, నెల్లూరు జిల్లా అతలాకుతలమైంది. మరుసటి ఏడాదే, 2016లో, తమిళనాడులో ఈ సీజన్ వాన మామూలు కంటే 60 శాతానికి పైగా తక్కువ. ఒక ఏడాది ముంచి, మరుసటి ఏడాది ఎండగట్టే ఆ తీరానికి ఆనుకునే ఉంది నేలపట్టు.

ఇక్కడ గూళ్లు ఎక్కువగా ఉండేది చెరువు నీళ్లలోనే పెరిగే కడప చెట్ల మీద. చుట్టూ నీళ్లుంటేనే ఆ చెట్టు కోట. నీళ్లు ఇంకిపోతే అడవి పిల్లికి, నక్కకి నడిచి వచ్చే దారి దొరికినట్టే. పక్కనే పులికాట్ సరస్సు. పక్షులు అక్కడికీ మేతకి వెళ్తాయి. వాన నీళ్లు తగ్గితే పులికాట్‌లో ఉప్పు పెరుగుతుంది, సముద్రపు ముఖద్వారాలు ఇసుకతో పూడిపోతే చేపల రాకపోకలు ఆగిపోతాయి. చెరువు ఒకచోట, మేత ఇంకోచోట. రెండూ ఒకే ఏడాది కుదరాలి.

ఫ్లెమింగోల సంగతంటారా? ఫెస్టివల్‌కి వెళ్లి సెల్ఫీ దిగింది వాటితోనే కదా! పులికాట్ వాటికి మెస్ లాంటిది. మన దేశంలో వాటి పెద్ద ప్రసూతి వార్డు గుజరాత్‌లోని కచ్ రణ్. ఉప్పు ఎడారిలో పల్చగా నీళ్లు నిలిస్తే బురదతో దిబ్బలాంటి గూడు కట్టి గుడ్డు పెడతాయి. వాన తక్కువైతే బురదే ఉండదు, ఎక్కువైతే గూడు మునుగుతుంది.

తల్లి రెక్కే గొడుగు

వీరాపురంలో చింతచెట్ల మీద ఎర్రకాళ్ల కొంగలు పిల్లల్ని పెంచేది ఎండాకాలంలో. మిట్టమధ్యాహ్నం తల్లో తండ్రో సూర్యుడికి అడ్డంగా నిలబడి రెండు రెక్కలూ విప్పి గొడుగులా పడుతుంది. గొంతులో నీళ్లు తెచ్చి పిల్లల నోట్లో పోస్తుంది. ఆ రోజుల్లో ఒకటి కాపలా ఉంటే ఇంకోటే వేటకెళ్లాలి. ఎండ తీవ్రత పెరిగేకొద్దీ కాపలా గంటలు పెరుగుతాయి, చెరువు దూరమయ్యేకొద్దీ వేట గంటలూ పెరుగుతాయి. రోజుకి ఉన్నవి అవే ఇరవై నాలుగు గంటలు. అనంతపురం ప్రాంతపు చెరువుల గురించి కొత్తగా చెప్పేదేముంది, కరువు ఏడాదిలో ఊరి చింతచెట్లు కొంగల్లేక బోసిపోతాయి.

అన్నీ వాతావరణం మీదికి తోసేయడం మాత్రం సరికాదు. 1946లో కేరళకు చెందిన పక్షి పరిశీలకుడు కె.కె. నీలకంఠన్ కొల్లేరు దగ్గర ఆరేడులో గూడబాతుల పెద్ద కాలనీని గుర్తించి లోకానికి చెప్పారు. 1970ల నాటికి అది ఖాళీ అయిపోయింది. ఆ తర్వాత కొల్లేరులో చేపల చెరువుల గట్లు ఎలా లేచాయో అందరికీ తెలుసు. 1999లో అభయారణ్యం, 2002లో రామ్‌సర్ గుర్తింపు, 2005-06లో గట్ల కూల్చివేత... ఇప్పుడు ఆటపాకలో గూడబాతులు మళ్లీ గూళ్లు పెడుతున్నాయి. చెట్లు చాలక అటవీశాఖ ఇనుప స్టాండ్లు పెడితే వాటి మీద కూడా! గుంటూరు దగ్గర ఉప్పలపాడులో ఊరి చెరువే పక్షుల కాలనీ, ఊరివాళ్లే కాపలా. వాన చెడ్డ ఏడాదిని పక్షులు తట్టుకుంటాయి, పక్కన ఇంకో చెరువుంటే. ఆ ఇంకో చెరువుని మనం ప్లాట్లు చేసేస్తేనే చిక్కు.

మన కొంగ ఇంగ్లండ్‌లో

కొన్నింటికి వేడి కలిసొచ్చింది కూడా. నల్ల ముక్కు, పసుపు పాదాల చిన్న తెల్లకొంగ మన ఊళ్లలో మామూలే కదా. బ్రిటన్‌లో అది మొదటిసారి గూడు పెట్టింది 1996లో, డోర్సెట్ తీరంలోని ఓ దీవిలో. ఈకల కోసం వేటాడటం ఆగడం ఒక కారణమైతే, చలికాలాలు మెత్తబడటం ఇంకో కారణం. ఇప్పుడక్కడ దాన్ని వింతగా చూసేవాళ్లే లేరు.

ఆస్ట్రేలియాలో బ్యాండెడ్ స్టిల్ట్ అనే పొడుగుకాళ్ల పక్షి ఇంకా ఘనాపాటి. ఎడారి మధ్యలో వాన పడి ఉప్పు సరస్సు నిండితే తీరం నుంచి లేచిపోతుంది. ట్రాన్స్‌మిటర్ కట్టి చూస్తే ఒక పక్షి రెండున్నర రోజుల్లోపే రెండు వేల కిలోమీటర్లకు పైగా ఎగిరింది. అంత దూరంలో వాన పడిందని దానికెలా తెలుస్తుందన్నది ఇప్పటికీ తేలలేదు.

మన గూడబాతులకు అంత దూకుడు లేదు. అవి పాత చెరువుకే వచ్చి చూస్తాయి. నీళ్లు బాగుంటే గూడు, లేకపోతే ఇంకో ఊరు, అదీ కాకపోతే ఆ ఏడాదికి పిల్లల్లేవు.

చూడ్డానికి వెళ్తారా? తేలుకుంచికి ఆగస్టు నుంచి అక్టోబరు, నేలపట్టుకి డిసెంబరు నుంచి ఫిబ్రవరి, వీరాపురానికి మార్చి, ఏప్రిల్. డ్రోన్ ఇంట్లో వదిలేయండి. తల్లి బెదిరి లేచిందంటే గుడ్డు ఎండకి కమిలిపోతుంది, కాకి ఎత్తుకుపోవడానికి నిమిషం చాలు. ఫొటో తీస్తే తేదీ, ఊరు, గూళ్లు ఎన్నో ఈబర్డ్ యాప్‌లో పెట్టండి. ఖాళీ చెట్లే కనిపించినా ‘ఏమీ లేవు’ అని నమోదు చేయండి, ఏ ఏడాది ఎక్కడ గూళ్లు మానేశాయో తెలిసేది దాంతోనే. బయల్దేరే ముందు మాత్రం ఒకసారి ఆ జిల్లాలో ఈ సీజన్ వాన ఎంత పడిందో చూసుకోండి.