పొత్తిగుడ్డలు సిద్ధముగా ఉన్నవా?



సాయంకాల వేళ మా పోతిరెడ్డిపల్లి చౌరస్తాలో నిలబడితే కంపెనీ బస్సులు ఒకదాని వెంట ఒకటి వస్తూ పోతూ ఉంటాయి. రాత్రి షిఫ్టువారు టిఫిను డబ్బా చేతబట్టుకొని పటాన్‌చెరు వైపో, పాశమైలారం వైపో వెళ్తారు. ఇంటి దగ్గర భార్య, పిల్లలు ఉంటారు. కొందరి ఇళ్లలో నెలలు నిండిన గర్భిణి ఒక్కతే ఉంటుంది. నొప్పులు షిఫ్టు చూసి రావు. అవి వచ్చిన రాత్రి ఏ సంచి తీసుకోవాలి, ఏ కాగితం ఎక్కడ ఉంది, ఎవరికి ఫోను చేయాలి అన్నది ఆ ఇంట్లో ముందుగా తెలిసి ఉండాలి. ఈ నెల ఆ సంచి గురించే వ్రాస్తున్నాను. పాస్టరు గారికి ఈ సంగతితో పనేమిటని అనుకోవద్దు. పని ఉన్నదని నేను ఆలస్యముగా నేర్చుకున్నాను.

మా ఇంటి సంగతి

మా పెద్దబిడ్డ పుట్టబోయే రోజులవి. ఎనిమిదో నెల దాటగానే నా భార్య, "ఏమండీ, దవాఖానకు కావలసినవి ఒక సంచిలో పెట్టుకుందామా?" అని రెండు మూడు సార్లు అడిగింది. మా అమ్మ, "బిడ్డ పుట్టకముందే బట్టలు సర్దరాదు బిడ్డా, మంచిది కాదు" అన్నది. నేను ఇద్దరికీ నడుమ నిలబడి, "దేవుడే చూచుకుంటాడు" అని పెద్ద మాట అన్నాను. ఆ మాట విశ్వాసం వలన వచ్చినది కాదు. పని తప్పించుకొనుటకు వచ్చినది.

చెప్పిన తేదీకి పన్నెండు రోజుల ముందే, అర్ధరాత్రి దాటాక ఉమ్మనీరు పోయింది. చేతికి దొరికిన చీర ఒకటి, దుప్పటి ఒకటి పట్టుకొని ఆటోలో బయలుదేరాము. ఆసుపత్రిలో నర్సమ్మ మొదట అడిగినది కార్డు, రక్తం గ్రూపు కాగితం. అవి రెండూ నా భార్య పుట్టింట్లో, బీరువాలో ఉన్నాయి. పరీక్షలు మళ్లీ చేయవలసి వచ్చింది. ఆమె నొప్పులతో ఉండగా నేను కాగితాల కొరకు ఫోను మీద ఫోను చేస్తూ వరండాలో తిరిగాను.

తెల్లవారుజామున బిడ్డ పుట్టింది. "బట్ట ఇవ్వండి" అని లోపలినుండి ఆయమ్మ చెయ్యి చాపింది. నా దగ్గర రోడ్డు దుమ్ము పట్టిన దుప్పటి తప్ప ఏమీ లేదు. ప్రక్కనే తన కోడలి కాన్పు కొరకు వచ్చిన ఒక పెద్దమ్మ ఉన్నది. ఒడిశా నుండి పని కొరకు వచ్చిన కుటుంబం, తెలుగు సరిగా రాదు. ఆమె తన సంచి విప్పి, ఉతికి మడతపెట్టిన పాత నూలు చీర తీసి, సగానికి చింపి నా చేతిలో పెట్టింది. మా బిడ్డను మొదట చుట్టినది ఆ గుడ్డతోనే. ఆమె పేరు అడగాలన్న తెలివి కూడ నాకప్పుడు లేకపోయింది.

ఇంటికి వచ్చిన తరువాత ఒకనాడు నా భార్య, "మీరు సిద్ధపాటు గురించి మంచి ప్రసంగాలు చేస్తారండీ" అన్నది. ఆమె ఎగతాళి చేయలేదు. నేను మాత్రం తల ఎత్తలేకపోయాను.

మరియ తీసుకొని వెళ్లినది

ఆ సంవత్సరం క్రిస్మసుకు లూకా సువార్త రెండవ అధ్యాయము చదువుచుండగా ఏడవ వచనము నన్ను నిలిపివేసింది. ఎన్ని సార్లు ప్రసంగించినా ఆ వచనములో సత్రములో స్థలము లేకపోవుటనే చూచాను, పశువుల తొట్టినే చూచాను. ఆ తొట్టిలో పెట్టకముందు తల్లి బిడ్డను పొత్తిగుడ్డలతో చుట్టినదని అక్కడే ఉన్నది. నజరేతునుండి బేత్లెహేముకు వంద కిలోమీటర్లకు పైగా దారి. దిగినది పరాయి ఊరు, పడుకొనుటకు గది లేదు. అయినా గుడ్డలు ఉన్నాయి. అవి ఎక్కడివో వాక్యము చెప్పలేదు గాని, ఆ తల్లి ఇంటివద్దనే సిద్ధపరచి మూట కట్టుకొని వచ్చినదని నేను నమ్ముతున్నాను. దేవదూత వర్తమానము విన్న స్త్రీ కూడ గుడ్డలు సర్దుకున్నది. అంతకంటె గొప్ప వాగ్దానము మనలో ఎవరికి ఉన్నది?

మోషే తల్లిని చూడండి. బిడ్డను దేవుని చేతికి అప్పగించిన ఆ విశ్వాసురాలు జమ్ము పెట్టెకు జిగటమన్ను, కీలు పూయకుండ నీళ్లలో పెట్టలేదు. ప్రార్థన చేసే చేతులే పెట్టెకు కీలు కూడ పూయాలి.

"ముందే సర్దరాదు" అనే మాట

మన ఇండ్లలో పెద్దవారు ఈ మాట ఎందుకంటారో అర్థం చేసుకోవాలి. పూర్వము ఎందరో తల్లులు ఒట్టి చేతులతో ఇంటికి తిరిగి వచ్చారు. కొని పెట్టుకున్న చిన్న చొక్కా చూచి ఏడ్చినవారి దుఃఖములోనుండి ఈ భయము పుట్టినది. గనుక పెద్దవారిని ఎగతాళి చేయవద్దు. అయితే క్రీస్తునందున్న మనకు శకునముల భయము లేదు. బిడ్డ ప్రాణము బట్టల సంచిలో లేదు, ప్రభువు చేతిలో ఉన్నది.

అత్తమ్మ మనస్సు నొప్పించకుండ ఒక దారి ఉన్నది. కొత్తవి కొనవద్దు. ఇంట్లోని పాత నూలు చీరలు, పంచెలు బాగా ఉతికి, ఎండలో ఆరబెట్టి, ముక్కలు చేసి పెట్టండి. పసిగుడ్డు చర్మానికి కొత్త గంజి బట్టకంటె అదే మెత్తన. "అత్తమ్మా, నీ పాత చీర ఒకటి ఇవ్వు, నీ మనుమనికి చుడుదాం" అని అడిగి చూడండి. కాదనే అత్త ఉండదు.

సంచిలో ఏమి ఉండాలి?

ముప్పది ఆరు వారములు నిండేసరికి, అనగా ఎనిమిదో నెల దాటగానే సంచి సిద్ధముగా ఉండాలి. కవలలని గాని, రక్తపోటు ఉన్నదని గాని డాక్టరు చెప్పియుంటే ఇంకొక నెల ముందే సర్దండి. చెప్పిన తేదీనాడే పుట్టే బిడ్డలు కొద్దిమందే.

మొదట కాగితములు. తల్లీబిడ్డల కార్డు, స్కానింగు రిపోర్టులు, రక్తపరీక్షల కాగితములు, ఆధార్ కార్డు, రేషను కార్డు, బ్యాంకు పాసుబుక్కు, ఇ.ఎస్.ఐ. ఉన్నవారు ఆ కార్డు. అన్నీ ఒక ప్లాస్టిక్ కవరులో, సంచి పైభాగాన పెట్టండి. తొలి కాన్పుకు పుట్టింటికి పంపుట మన అలవాటు గనుక, మనిషితోపాటు కాగితములు కూడ ప్రయాణం చేయాలి. మా ఇంట తప్పినది ఇక్కడే.

రక్తం గ్రూపు కాగితము ఎందుకు ముఖ్యమో చెబుతాను. తల్లి గ్రూపు నెగెటివ్ అయి, బిడ్డది పాజిటివ్ అయితే, కాన్పయిన 72 గంటల లోపల తల్లికి యాంటీ-డి అనే ఇంజెక్షను ఇవ్వాలి. రాబోయే బిడ్డకు దానివలన రక్షణ. అదిగాక కాన్పులో రక్తస్రావము ఎక్కువైతే నిమిషములు లెక్క. తల్లి గ్రూపుకు సరిపడే రక్తము ఇవ్వగల ఇద్దరి ఫోను నంబర్లు ఆ కవరు మీదనే వ్రాసి ఉంచండి.

తల్లికి: ముందు గుండీలున్న నైటీలు రెండు మూడు, ఒక చీర, లంగాలు, లోబట్టలు, పెద్ద ప్యాడ్లు రెండు ప్యాకెట్లు, తువ్వాలు, దుప్పటి, చెప్పులు, సబ్బు, దువ్వెన, పండ్లపొడి లేక పేస్టు, రోజూ వేసుకొనే మందులు. నగలు ఇంట్లోనే ఉంచండి.

బిడ్డకు: మెత్తటి నూలు గుడ్డలు ఎనిమిది పది, గోచీగుడ్డలు ఒక డజను, ముందు ముడివేసే చొక్కాలు నాలుగు, టోపీ, కాళ్లకు మేజోళ్లు, చలికాలమైతే ఒక ఉన్ని శాలువ. రెండు గుడ్డలు వేరుగా కవరులో కట్టి సంచి పైన పెట్టండి. ఒకటి తుడుచుటకు, ఒకటి చుట్టుటకు. లోపలినుండి అడిగిన వెంటనే అందించవచ్చు.

తోడున్నవారికి: ఒక జత బట్టలు, ఫ్లాస్కు, గ్లాసు, పళ్లెం, చెంచా, బకెట్టు, మగ్గు, ఫోను చార్జరు, కొంత చిల్లర డబ్బు, మురికి బట్టలకు వేరే సంచి. చిన్న బైబిలు ఒకటి.

సంచిలో పెట్టకూడనివి కూడ ఉన్నాయి. పాలసీసా వద్దు, డబ్బాపాలు వద్దు, తేనె వద్దు, కాటుక వద్దు. బిడ్డ పుట్టిన గంటలోపల తల్లి పాలు పట్టాలి. మొదట వచ్చే పసుపుపచ్చని ముర్రుపాలు పారబోయవద్దు, రోగములను అడ్డుకొనే శక్తి అందులో ఉన్నది. తేనె, చక్కెర నీళ్లు, ఆముదము నాకించవద్దు. బొడ్డుకు పసుపు గాని బూడిద గాని పూయవద్దు, పొడిగా వదలండి. మొదటి రోజు స్నానం చేయించవద్దు. బిడ్డను తుడిచి తల్లి రొమ్ముమీద ఒంటికి ఒళ్లు తగులునట్లు పండబెడితే వెచ్చదనము దానంతట అదే వస్తుంది.

ఎప్పుడు బయలుదేరాలి?

ఉమ్మనీరు పోయినా, రక్తము కనబడినా, తీవ్రమైన తలనొప్పి వచ్చి కళ్లు మసకబారినా, ముఖము ఉబ్బినా, మూర్ఛ వచ్చినా, బిడ్డ కదలిక తగ్గినా, జ్వరము వచ్చినా ఆ గడియలోనే బయలుదేరాలి. "తెల్లవారనీ", "ఆయన షిఫ్టు దిగి రానీ" అని ఆగవద్దు. 108కి ఫోను చేయండి. ప్రక్కింటి ఆటో నడిపేవారి నంబరు కూడ గోడమీద వ్రాసి ఉంచండి.

డబ్బు లేదని ఆగేవారితో ఒక మాట. 2011లో ప్రారంభమైన జననీ శిశు సురక్షా కార్యక్రమము ప్రకారము ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు, ఆపరేషను, మందులు, పరీక్షలు, రక్తము, భోజనము, ప్రయాణము తల్లికి ఉచితము. 2017లో మన రాష్ట్రములో తల్లీబిడ్డలకు కిట్ ఇచ్చుట ప్రారంభమైనప్పుడు అందులో బిడ్డ బట్టలు, సబ్బు, నూనె, దోమతెర వంటివి పదహారు వస్తువులు ఉండేవి. అయితే అటువంటి కిట్ చేతికి వచ్చేది కాన్పయిన తరువాతనే. పుట్టిన నిమిషమున చుట్టే గుడ్డ మన సంచిలోనుండే రావాలి.

సంఘము చేయదగినది

మన తెలుగు నేలమీద స్త్రీల కాన్పుల కొరకు సంఘము చాలకాలముగా పాటుపడినది. డాక్టరు అన్నా కుగ్లర్ అమ్మగారు 1883లో గుంటూరుకు వచ్చి, మగ డాక్టరు దగ్గరకు రాలేని స్త్రీలకు వైద్యము మొదలుపెట్టి, 1898లో అక్కడ ఆసుపత్రి తెరిచారు. తమిళ దేశములో ఐడా స్కడ్డర్ అమ్మగారు యౌవనములో ఒకే రాత్రి ముగ్గురు స్త్రీలు కాన్పు కష్టములో సహాయము లేక చనిపోవుట చూచి, డాక్టరు చదివి వచ్చి వేలూరులో పని ఆరంభించారు. వారు ఆసుపత్రులు కట్టారు. ఆసుపత్రి గుమ్మము దాక సంచి మోయుట మన వంతుకు మిగిలినది.

ఇప్పుడు మా స్త్రీల సమాజము వారు ఒక పని చేస్తున్నారు. సంఘములో ఎవరికైనా ఎనిమిదో నెల వస్తే, ఇద్దరు తల్లులు ఆ ఇంటికి వెళ్లి కూర్చుంటారు. పాత నూలు చీరలు కోసి గుడ్డలు కుట్టి ఇస్తారు, కాగితములు ఒక కవరులో చేర్చుతారు, ఆ సంచిమీద చేతులుంచి ప్రార్థన చేస్తారు. యొప్పేలో దొర్కా విధవరాండ్రకు బట్టలు కుట్టి పెట్టినట్లే ఇదీ. మన విశ్వాసులే గాక, బీహారు, ఒడిశానుండి వచ్చి ప్రక్క గదిలో అద్దెకున్న గర్భిణిని కూడ వారు విడువరు. నేను వారికి చెప్పిన నియమము ఇదొక్కటే. ఎందుకో మీకు తెలుసు.

సహోదరులారా, మీకు ప్రత్యేకముగా ఒక మనవి. సంచి సర్దుట ఆడవారి పని అని తప్పించుకొనవద్దు. ఈ రాత్రి మీ భార్య ప్రక్కన కూర్చొని సంచిలో ఏది ఎక్కడ ఉన్నదో చూడండి. నొప్పుల వేళ ఆమె చెప్పలేదు, మీకే తెలిసి ఉండాలి. రాత్రి షిఫ్టు ఉన్నవారు ప్రక్కింటి అక్కకో వదినకో ఆ సంచి చూపించి వెళ్లండి.

మా రెండవ బిడ్డ సమయానికి సంచి నెల ముందే సిద్ధమైనది. ఈసారి నేనే సర్దాను. నా భార్య పెట్టె అడుగునుండి ఒక గుడ్డ తీసి అన్నిటికంటె పైన పెట్టింది. ఆ పెద్దమ్మ చింపి ఇచ్చిన చీర సగము. ఎన్నో సార్లు ఉతికినది, ఇంకా మెత్తబడినది.

నెలలు నిండిన ప్రతి తల్లికి ప్రభువు సుఖప్రసవము దయచేయును గాక. ఆమె చుట్టూ ఉన్న మనకు సిద్ధమైన చేతులు దయచేయును గాక. ఆమేన్.