ఖజానాను చక్కదిద్దిన బిషప్

లండన్‌లో చీప్‌సైడ్ అనే బజారు వీధిలో 1326 అక్టోబరు 15న జనం ఒక బిషప్ తల నరికారు. అందుకు వాడింది రొట్టెలు కోసే కత్తి. హతుడు ఎక్సెటర్ బిషప్ వాల్టర్ స్టేపుల్డన్. ముందటేడు దాకా రాజు రెండో ఎడ్వర్డ్‌కు కోశాధికారి. అతడు మితిమీరిన ఆశపోతని అప్పటి చరిత్రకారుడొకరు రాశాడు. ఆ మాటతో సరిపెట్టుకుంటే అసలు సంగతి తప్పిపోతుంది. నా దృష్టిలో అతణ్ణి దెబ్బతీసింది అతని పనితనమే.

1320లో అతడు కోశాధికారి అయ్యేనాటికి ఖజానా దస్త్రాలు చిందరవందరగా ఉన్నాయి. ఎవరు ఎంత బాకీ, ఏ ఒప్పందం ఏ పెట్టెలో ఉందో తేల్చడం కష్టమయ్యేది. స్టేపుల్డన్ గుమస్తాలను కూర్చోబెట్టి పాత పత్రాలన్నిటికీ పట్టికలు రాయించాడు. 1323 నుంచి ఖజానా పనితీరును మారుస్తూ వరుసగా శాసనాలు వెలువడ్డాయి. అయితే అంతకు ముందే, 1322లో, బరోబ్రిడ్జ్ దగ్గర తిరుగుబాటు ప్రభువులను ఓడించి రాజు వారి భూములు జప్తు చేశాడు. ఆ భూముల రాబడికి, ఎన్నాళ్లనుంచో పడివున్న బాకీలకు ఇప్పుడు పక్కా లెక్క దొరికింది. అధికారులు పైసాపైసా పిండారు. 1326 నాటికి ఖజానాలో సుమారు 60 వేల పౌండ్లు పోగయ్యాయి. ఆ కాలానికి అది అపారమైన సొమ్ము.

మరి ఇది రాజు తప్పు కదా, ఉద్యోగి ఏం చేస్తాడు అని అడగవచ్చు. పైగా అతడు సోమరి బిషప్ కాడు: ఎక్సెటర్ కథీడ్రల్ నిర్మాణానికి ధారాళంగా ఇచ్చాడు, 1314లో డెవన్, కార్న్‌వాల్ విద్యార్థుల కోసం ఆక్స్‌ఫర్డ్‌లో ఒక విద్యాలయం పెట్టాడు. అదే నేటి ఎక్సెటర్ కాలేజీ. ఆ మంచిని తక్కువ చేయలేం. కానీ ఆ ధనం ఎవరి చేతికి పోతోందో అతనికి తెలియనిది కాదు. రాజు ఆప్తులైన, దేశమంతా ద్వేషించిన డెస్పెన్సర్ల పెత్తనం కళ్లముందే ఉంది. 1324లో రాణి ఇసబెల్లా భూములు లాక్కోవడంలోనూ అతని పేరే వినిపించింది. 1321లో లండన్ హక్కులను రాజు న్యాయమూర్తులు నెలల తరబడి తవ్వితీసిన విచారణకు కారకుడు అతడేనని నగరం నమ్మింది. పక్కాగా ఉన్న దస్త్రానికి జాలి ఉండదు. దాన్ని నడిపేవాడికైనా ఉండాలి.

అంతమాత్రాన ఆ హత్య న్యాయం కాదు. శరణు కోరి సెయింట్ పాల్స్ చర్చి వైపు గుర్రం మీద దూసుకెళ్లిన మనిషిని కిందికి లాగి, విచారణ లేకుండా చంపారు. అతడు పోగుచేసిన సొమ్మును, రాజును దించి అధికారం చేపట్టిన ఇసబెల్లా, ఆమె సహచరుడు మోర్టిమర్ నాలుగేళ్లలో దాదాపు హరించేశారు. అతడు రాయించిన దస్త్రాల పట్టిక మాత్రం మిగిలింది, 1836లో అచ్చయింది.